నియంత్రణల కాలంలో సొంత కారు: తెలుగునాట మోటారు వాహన జీవితం – ఒక సామాజిక చరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం

స్వాతంత్ర్యానంతర భారతదేశంలో కారు చరిత్రను సాధారణంగా పరిశ్రమ చరిత్రగానో, విధాన చరిత్రగానో రాస్తున్నారు. కారును కోరుకున్నవారు, కొన్నవారు, నడిపినవారు, బాగుచేసినవారు, అద్దెకు ఎక్కినవారు ఆ చరిత్రలో అరుదుగా కనిపిస్తారు. 1949లో దిగుమతులపై నిషేధం మొదలుకొని 1983లో మారుతి రాక వరకు సాగిన కొరత కాలాన్ని ప్రధానంగా తీసుకొని, కారు చుట్టూ అల్లుకున్న నిత్యజీవితాన్ని తెలుగు ప్రాంతాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొరత సమానత్వం పేరిట వచ్చినా ఆచరణలో హోదాను పెంచిందనీ, అయితే అదే కాలంలో ప్రజా రవాణాకు దక్కిన ప్రాధాన్యాన్ని విస్మరిస్తే ఆ కాలపు అంచనా అసమగ్రమవుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కారు, నియంత్రణల వ్యవస్థ, నిరీక్షణ, అంబాసిడర్, మారుతి, ప్రజా రవాణా, నిత్యజీవిత చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఒక వస్తువు సమాజంలో ఏ స్థానంలో ఉన్నదో తెలుసుకోవడానికి ఆ వస్తువు చుట్టూ పుట్టిన మాటలు మంచి ఆధారం. తెలుగులో కారుకు స్థిరపడిన పేరు ఆంగ్లం నుంచి వచ్చినదే. కాని వాడుకలో దాన్ని ఇప్పటికీ ‘బండి’ అనే అంటాము. ఎడ్లబండికీ, గుర్రపుబండికీ, రైలుబండికీ చెల్లిన మాటే స్కూటరుకూ కారుకూ చెల్లుతున్నది. అద్దెకు తీసుకోవడాన్ని ‘కారు మాట్లాడుకోవడం’ అంటాము. అంతకు ముందు తరం ‘టాక్సీ కట్టించుకొని’ వెళ్ళేది. ఎడ్లను కాడికి కట్టే క్రియ ఇంజనుకు కూడా సంక్రమించింది. మరోవైపు ‘బుగ్గకారు’ అనే మాట కారు పైకప్పు మీద వెలిగే దీపాన్ని చెబుతూనే లోపల కూర్చున్నవారి అధికారాన్ని సూచించింది. ‘సీ బుక్కు’, ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’, ‘ఎనిమిది వేయడం’ అన్నవి కార్యాలయపు పరిభాషను జనం తమ నోటికి అనువుగా మలచుకున్న తీరును చూపుతాయి.

ఈ మాటల్లో మూడు రకాల సంబంధాలు కనిపిస్తున్నాయి: సొంతదారుకూ వాహనానికీ మధ్య, ప్రయాణికుడికీ అద్దె వాహనానికీ మధ్య, పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న సంబంధాలు. ఈ మూడూ ఏ చారిత్రక పరిస్థితుల్లో రూపొందాయన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. కాలపరిమితి 1949 నుంచి వర్తమానం వరకు. దృష్టి మాత్రం 1983కు ముందున్న మూడున్నర దశాబ్దాల మీద ఎక్కువగా నిలుస్తుంది. ఈనాటి అభిరుచులకూ, అసూయలకూ, ఆచారాలకూ బీజాలు ఆ కాలంలోనే పడ్డాయన్నది ఇందుకు కారణం.

2. పూర్వరంగం: సంస్థానం, మద్రాసు, బస్సు

తెలుగు ప్రాంతాల్లోకి కారు రెండు దారుల్లో వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో అది రాచరికపు వైభవంలో భాగం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరు వెళ్ళిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ‘సింహాసన కారు’, 1911లో ఆయన మరణించిన తరువాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో సంస్థానానికి చేరింది. దూరాలు తిరగడానికి కాక, ఊరేగింపుల్లో కనబడటానికి తయారైన వాహనమది. మద్రాసు రాజధానిలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో కారు జమీందార్లకూ, ఉన్నతోద్యోగులకూ, న్యాయవాదులకూ, పెద్ద వర్తకులకూ పరిమితమైంది. కొనుగోలుకూ మరమ్మతుకూ వారు చాలావరకు మద్రాసు నగరం మీదే ఆధారపడ్డారు.

సామాన్యులకు మోటారు వాహనం పరిచయమైంది కారు రూపంలో కాదు, బస్సు రూపంలో. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినప్పుడు ఈ వారసత్వమే దానికి పునాది అయింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గాల జాతీయీకరణను యజమానులు సవాలు చేయగా, గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అభ్యంతరాలను ఒకరు విని మరొకరు నిర్ణయించడం సహజ న్యాయానికి విరుద్ధమని జస్టిస్ కోకా సుబ్బారావు ఆ తీర్పులో రాశారు. పరిపాలనా న్యాయశాస్త్రం చదివేవారికి నేటికీ పాఠ్యాంశమైన ఈ సూత్రం ఒక తెలుగు జిల్లా బస్సు మార్గాల తగాదాలోంచి పుట్టింది. రోడ్డు ఎవరిది, దాని మీద నడిచే హక్కు ఎవరు ఇవ్వాలి అన్న ప్రశ్న ఎంత త్వరగా రాజ్యాంగ ప్రశ్నగా మారిందో దీనివల్ల తెలుస్తుంది.

3. కొరతకు విధానపరమైన కారణాలు

1949లో పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల మేరకు, విడిభాగాలను క్రమంగా స్వదేశంలో తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలకే అనుమతి లభించింది. అప్పటిదాకా భాగాలను తెచ్చి ఇక్కడ బిగిస్తున్న జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు వైదొలగాయి. మిగిలిన కార్ల తయారీదార్లలో ముగ్గురు ముఖ్యులు. మొదటిది బిర్లాల హిందూస్తాన్ మోటార్స్. 1942లో స్థాపితమై, ఆ తరువాత బెంగాల్‌లోని ఉత్తరపాడాకు మారింది. రెండవది వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్. దాని కర్మాగారం బొంబాయి కుర్లాలో ఉండేది. మూడవది మద్రాసు కేంద్రంగా ఉన్న స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్.

ఈ మూడు సంస్థల నమూనాలే ఒక తరం మొత్తానికి కారు అనే ఊహకు రూపమిచ్చాయి. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా 1957–58లో వెలువడిన అంబాసిడర్ కొద్దిపాటి మార్పులతో 2014 మే వరకు తయారైంది. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్ 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకొని శతాబ్దాంతం దాకా కొనసాగింది. స్టాండర్డ్ హెరాల్డ్ 1961లో మొదలై ఒక దశాబ్దం నిలిచింది.

కారును విలాస వస్తువుగా పరిగణించడానికి ఆనాటి ప్రణాళికా నిర్ణేతల దగ్గర బలమైన వాదన ఉంది. విదేశీ మారకద్రవ్యం, ఉక్కు, పెట్రోలు మూడూ పరిమితం. ఉన్నవాటిని లారీలకూ, బస్సులకూ, ట్రాక్టర్లకూ కేటాయించడం పేద దేశానికి తగిన ప్రాధాన్యక్రమం. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం ఉత్పత్తి సామర్థ్యాన్ని లైసెన్సుకు కట్టివేసింది. ఆ చట్టం కింద వచ్చిన 1959 ఉత్తర్వు కార్ల పంపిణీనీ, అమ్మకాన్నీ అదుపులోకి తెచ్చింది. 1969లో ధరలను కూడా చట్టబద్ధంగా నిర్ణయించారు. తయారీదార్లు సుప్రీంకోర్టుకు వెళ్ళగా, ధరలపై విచారణకు కమిషన్ ఏర్పడింది. 1975లో ధరల నియంత్రణ తొలగిపోయింది. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర పెరిగి, కొనాలనుకున్నవారు సైతం వెనుకాడే పరిస్థితి వచ్చింది. 1970లలో యావద్దేశంలో తయారైన కార్లు ఏ ఏడాదీ 50 వేలు దాటలేదు.

4. నిరీక్షణ అనే సామాజిక అనుభవం

ధర అదుపులో ఉండి, ఉత్పత్తి కూడా అదుపులో ఉంటే వరుస ఏర్పడక తప్పదు. ఆనాటి కొనుగోలుదారు డిపాజిట్ కట్టి, పేరు నమోదు చేయించుకొని ఎదురుచూడాలి. ముఖ్యంగా ఫియట్ కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండటం అందరికీ తెలిసిన సంగతే. రంగు ఎంపిక నామమాత్రం. నిర్ణీత కాలం గడవక ముందు అనుమతి లేకుండా కారును మారుబేరానికి పెట్టకూడదన్న షరతు ఉండేది. దాన్ని తప్పించుకొనే మార్గాలూ ఉండేవి. కొత్తగా వచ్చిన కారును అదే ధరకు మించి అమ్ముకోగలగడం, అంటే వాడిన వస్తువుకు కొత్తదానికన్నా ఎక్కువ వెల రావడం, ఆ కాలపు ఆర్థిక వ్యవస్థకు గుర్తుగా నిలిచిన విచిత్రం.

నిరీక్షణ అందరికీ సమానం కాదు. ప్రభుత్వ శాఖలకు ప్రత్యేక కేటాయింపు ఉండేది. పలుకుబడి ఉన్నవారి పేరు ముందుకు జరిగేది. లేనివారు పైసొమ్ము చెల్లించి ఎవరిదో వంతును కొనేవారు. కాబట్టి ‘కారు వచ్చింది’ అన్న వార్త సంపన్నతను మాత్రమే కాక, పరిచయాలను కూడా ప్రకటించేది. ఊళ్ళో ఫలానావారికి కారు ఉందంటే డబ్బుందని ఒక అర్థం; పట్నంలో మాట చెల్లుతుందని మరో అర్థం. ఈ రెండవ అర్థమే కారు హోదాకు అసలు బలం.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో, గుంటూరు పొగాకు ప్రాంతంలో వ్యవసాయ మిగులు పెరుగుతున్న కొద్దీ సొంత కారు కోరిక రైతు కుటుంబాల్లోకీ వచ్చింది. అయితే చాలా ఇళ్ళలో ట్రాక్టరు ముందు, కారు తరువాత. వైద్యుడికీ, గుత్తేదారుకూ కారు వృత్తి సాధనం. భూస్వామికి అది కుటుంబ గౌరవం. కట్నకానుకల జాబితాలో సైకిలు, రేడియో, స్కూటరు తరువాతి మెట్టుగా కారు చేరడం ఈ క్రమంలోనిదే. 1961 వరకట్న నిషేధ చట్టం ఉన్నా, పెళ్ళికుమారుడి చదువుకూ ఉద్యోగానికీ వెలకట్టే ఆచారంలో కారు ఒక ప్రమాణంగా స్థిరపడింది. వస్తువు అరుదైన కొద్దీ ఆ ప్రమాణం భారమై, ఆడపిల్ల తండ్రి మీద పడింది. కొరత గురించిన ఆర్థిక చర్చల్లో చోటు దొరకని మూల్యమిది.

5. కారు లోపలి జీవితం: యజమాని, డ్రైవరు, మెకానిక్

నియంత్రణల కాలపు కారును సొంతదారు స్వయంగా నడపడం సర్వసాధారణం కాదు. అంబాసిడర్, ఫియట్ రెండింటిలోనూ గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. ముందు సీటు బల్లలాగా ఒకే పొడవు. స్టీరింగు బరువు, క్లచ్ బరువు. దానితో పాటు రోడ్డు మధ్యలో ఆగిపోతే దిగి చూసుకోగల నైపుణ్యం అవసరం. అందుచేత మధ్యతరగతి పైమెట్టు కుటుంబాలు కూడా డ్రైవరును పెట్టుకునేవి. కారు కొనడమంటే ఒక మనిషిని కూడా ఇంటికి చేర్చుకోవడమే. ఆ మనిషికి ఇంట్లో ఉన్న స్థానం విచిత్రమైనది. ప్రాణాలు అతని చేతిలో, భోజనం వరండాలో. కుటుంబ రహస్యాలన్నీ అతని చెవినపడతాయి. సంభాషణలో మాత్రం అతనికి పాలు ఉండదు. చాలామంది డ్రైవర్లు లారీల దగ్గర క్లీనర్లుగా చేరి, రాత్రివేళ ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టుకొని నేర్చుకున్నవారు. కులవృత్తికి బయట జీతం దొరికే దారుల్లో డ్రైవరు పని ఒకటి కావడం సామాజిక చరిత్ర దృష్ట్యా గమనింపదగినది.

వేసవి ఈ కార్లకు పరీక్షా కాలం. రాయలసీమ, తెలంగాణ ఎండల్లో రేడియేటరులో నీళ్ళు మరగడం, పెట్రోలు ఆవిరై ఇంజను ఆగిపోవడం తరచు జరిగేవి. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి చల్లారేదాకా చెట్టు కింద కూర్చోవడం ఆనాటి ప్రయాణాల్లో ఒక భాగం. చలికాలపు ఉదయాన చోక్ లాగాలి. బ్యాటరీ బలహీనపడితే హ్యాండిల్ తిప్పాలి. అదీ కుదరకపోతే దారినపోయేవారిని పిలిచి తోయించాలి. కారును తోయడం ఒక విధంగా సామూహిక కార్యం. లోపల కూర్చునేవారికీ బయట నిలిచేవారికీ మధ్య ఉన్న దూరం ఆ కాసేపు చెరిగిపోయేది. ఇంజను అందుకోగానే మళ్ళీ ఏర్పడేది.

ఈ పరిస్థితిలో మెకానిక్ జ్ఞానం ఒక సాంస్కృతిక సంపద. కారు ‘షెడ్డుకు’ వెళ్ళిందంటే ఎన్నాళ్ళకు తిరిగివస్తుందో తెలియదు. నమూనాలు మారకపోవడం వినియోగదారుకు విసుగు కలిగించినా, మెకానిక్‌కు మాత్రం వరమైంది. తండ్రి నేర్చుకున్న ఇంజనే కొడుకు చేతికీ వచ్చింది. రీబోరు, టింకరింగు, లేత్ పని, సీటు కుట్టడం, రేడియేటరు మాటువేయడం అన్నవి వేర్వేరు పనితనాలుగా విడిపడి, ఒకే వీధిలో పక్కపక్కన నిలిచాయి. విజయవాడలో 1960లలో రూపుదిద్దుకున్న జవహర్ ఆటోనగర్ ఇందుకు గొప్ప ఉదాహరణ. లారీల మరమ్మతు, బాడీ కట్టడం దాని ప్రధాన వృత్తి. చెన్నై–కలకత్తా, హైదరాబాదు–మచిలీపట్నం రోడ్లు కలిసే నగరంలో ఆ పనితనం కార్లకూ అండగా నిలిచింది. కొత్త భాగం దొరకనప్పుడు పాతదాన్ని పోతపోసి, సానబట్టి, మరో బండి భాగాన్ని అమర్చి నడిపించిన ఆ నైపుణ్యాన్ని సాంకేతిక విద్యాలయాల చరిత్రలో ఎవరూ నమోదు చేయలేదు.

6. ఎక్కినవారి చరిత్ర

కారు చరిత్రను సొంతదార్ల చరిత్రగా మాత్రమే రాస్తే తెలుగువారిలో అత్యధికులు అందులో ఉండరు. చాలామందికి కారు అనుభవం అద్దె అంబాసిడర్‌తోనే. పెళ్ళికి, పురిటికి, ఆసుపత్రికి, తీర్థయాత్రకు, చివరకు పట్నంలో పోయినవారి దేహాన్ని ఊరికి తీసుకురావడానికి టాక్సీ స్టాండులో బేరమాడి కారు మాట్లాడుకునేవారు. అయిదుగురికి రాసిచ్చిన బండిలో పదిమంది ఎక్కేవారు. అంబాసిడర్ విశాలమైన సీట్లూ, గట్టి సస్పెన్షనూ ఆ ఉమ్మడి ప్రయాణాలకు అనువుగా ఉండేవి. పెళ్ళికుమార్తె అత్తవారింటికి వెళ్ళే దృశ్యంలో పూలమాలలు చుట్టిన కారు మేనా స్థానాన్ని ఆక్రమించింది.

తిరుమల ప్రయాణం ఈ అద్దె కార్ల చరిత్రలో ప్రత్యేక అధ్యాయం. తొలి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో అందుబాటులోకి వచ్చాయి. అంతకు ముందు కాలినడకనో, డోలీలోనో సాగిన కొండ ప్రయాణం మోటారు ప్రయాణంగా మారింది. కొత్త వాహనం కొనగానే గుడికి తీసుకువెళ్ళి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొబ్బరికాయ కొట్టించే ఆచారం బెజవాడ కనకదుర్గ ఆలయం మొదలు ఊరి ఆంజనేయస్వామి గుడి వరకు నేటికీ కొనసాగుతున్నది. దసరా ఆయుధపూజలో కత్తి, నాగలి, కలం సరసన కారు చేరింది. దీన్ని మూఢాచారమని తోసిపుచ్చడం తేలిక. ప్రాణాపాయం ఉన్న యంత్రాన్ని, బీమా, భద్రతా నియమాలు నమ్మకంగా పనిచేయని సమాజం తనదైన పద్ధతిలో మచ్చిక చేసుకున్న తీరుగా అర్థం చేసుకోవడం చరిత్రకారుడికి ఎక్కువ ఉపయోగకరం.

7. తెల్ల అంబాసిడర్: అధికారపు ఆకృతి

మార్కెట్లో దొరకని వస్తువు ప్రభుత్వ ప్రాంగణంలో బారులు తీరి ఉండటం ఆ కాలపు వైరుధ్యం. కలెక్టరు నుంచి మంత్రి దాకా అందరిదీ తెల్ల అంబాసిడర్. కిటికీలకు తెరలు, సీట్లకు తెల్లని తువ్వాళ్ళు, పైన ఎర్రబుగ్గ. గ్రామంలోకి ఆ కారు వచ్చిందంటే ప్రభుత్వమే వచ్చినట్టు. సమానత్వ సాధనకు కారును పరిమితం చేసిన వ్యవస్థ, ఆ పరిమితి వల్లనే తన ఉద్యోగులకూ ప్రతినిధులకూ కారును రాజలాంఛనంగా మార్చింది. నిజాం సింహాసన కారుకూ, బుగ్గకారుకూ మధ్య వేలాది మైళ్ళ రాజకీయ దూరం ఉన్నా, చూసేవారి కళ్ళలో రెండూ చేసిన పని చాలావరకు ఒకటే. ఎర్రబుగ్గల వాడకం 2017 మే 1 నుంచి రద్దయింది. మాట మాత్రం భాషలో మిగిలింది.

అధికారంలో ఉన్నవారి కారుకు భిన్నంగా, అధికారాన్ని కోరినవారి వాహనం ఎలా ఉండాలో 1982లో నందమూరి తారక రామారావు చూపారు. పాత షెవర్లే వాహనాన్ని ప్రచారానికి అనువుగా మార్చి ‘చైతన్యరథం’ అని పేరుపెట్టారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. తెర కట్టిన కిటికీ వెనుక కూర్చునే నాయకుడికీ, వాహనం పైకెక్కి నిలబడి మాట్లాడే నాయకుడికీ ఉన్న తేడాను జనం గుర్తించారు. తరువాతి కాలంలో తెలంగాణ రాష్ట్ర సమితి ఎన్నికల గుర్తుగా కారు ఇంటింటి గోడ మీదికీ ఎక్కింది.

8. 1983: మలుపు

చిన్న కారు ఆలోచన 1950ల చివరి నుంచీ ప్రభుత్వ కమిటీల ముందు నలుగుతూనే ఉన్నది. 1970లో సంజయ్ గాంధీకి అనుమతి లభించడం, మారుతి లిమిటెడ్ ఏర్పడటం, ఆ కర్మాగారం నుంచి మార్కెట్‌కు కార్లు రాకుండానే సంస్థ మూతపడటం, జనతా ప్రభుత్వం జస్టిస్ ఎ.సి. గుప్తా కమిషన్‌తో విచారణ జరిపించడం రాజకీయ చరిత్రలో సుపరిచితాలు. 1981లో మారుతి ఉద్యోగ్ ప్రభుత్వ రంగ సంస్థగా పుట్టింది. 1982 అక్టోబరులో జపాన్ సుజుకి సంస్థతో ఒప్పందం కుదిరింది. వి. కృష్ణమూర్తి నాయకత్వంలో పని వేగంగా సాగి, 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందాయి. ధర 50 వేల రూపాయలకు అటూ ఇటూ. కారు బయటికి రాకముందే లక్షకు పైగా బుకింగులు వచ్చాయి. అంటే నిరీక్షణ ఒక్కసారిగా అంతం కాలేదు. వరుస మరింత పొడవైంది. అయితే ఈసారి వరుస కదిలింది.

796 సీసీ ఇంజను, తేలికైన స్టీరింగు, ముందు చక్రాల చోదనం ఉన్న ఈ కారు తెచ్చిన అసలు మార్పు డ్రైవరు సీటులో జరిగింది. బ్యాంకు ఉద్యోగి, అధ్యాపకుడు, చిన్న వ్యాపారి తమ కారును తామే నడపసాగారు. నడపడం పనివాడి పని అన్న భావన సడలింది. మధ్యతరగతి స్త్రీలు కారు నేర్చుకోవడానికి ఈ తేలికదనం తోడ్పడింది. నడక, రిక్షా, బస్సు, భర్త స్కూటరు వెనుక సీటు తరువాత స్త్రీ స్వయంగా దిశను నిర్ణయించుకునే ప్రయాణం మొదలైంది. పల్చని రేకు, చిన్న ఆకారం చూసి ‘అగ్గిపెట్టె’ అని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. అంబాసిడర్ బరువే భద్రత అన్న వారి నమ్మకం చాలాకాలం కొనసాగింది.

ఈ మార్పుకు మరో ముఖం ఉన్నది. సొంతదారే డ్రైవరు అయినప్పుడు ఇంటి డ్రైవరు ఉద్యోగం తగ్గింది. ఇంజను నమ్మకంగా పనిచేసినప్పుడు రోడ్డుపక్క మెకానిక్ అవసరం తగ్గింది. కుటుంబం నలుగురికి కుదించుకుపోయినప్పుడు కారు కూడా నలుగురిది అయింది. ఉమ్మడి ప్రయాణానికి సాక్షిగా ఉన్న పొడుగు సీటు పోయి, ముందు రెండు విడి సీట్లు వచ్చాయి.

9. లైసెన్సుల తొలగింపు తరువాత

1991 పారిశ్రామిక విధానం వెలువడిన రెండేళ్ళకు, 1993లో, కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగింది. 1998లో హ్యుందాయ్ శాంత్రో, టాటా ఇండికా వచ్చాయి. బ్యాంకు రుణాలు విస్తరించాయి. నిరీక్షణ స్థానంలోకి నెలవారీ వాయిదా వచ్చింది. ముందు ఎదురుచూసి తరువాత అనుభవించే క్రమం తలకిందులై, ముందు అనుభవించి తరువాత చెల్లించే క్రమం స్థిరపడింది. లక్ష రూపాయల కారుగా 2009లో విడుదలైన టాటా నానో విఫలం కావడం కొరత కాలపు మానసిక వారసత్వాన్ని బయటపెట్టింది. ‘చవక కారు’ అన్న పేరే దానికి శాపమైంది. స్కూటరు కుటుంబం కోరుకున్నది నాలుగు చక్రాలను మాత్రమే కాదు, వాటికి అంటిపెట్టుకున్న గౌరవాన్ని కూడా. ఆ గౌరవం తగ్గిన కారు ధర తగ్గినా ఆకర్షించలేకపోయింది.

హోదా వేరే చోట్ల తలెత్తింది. హైదరాబాదులో 9999 వంటి నంబర్లు వేలంలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. అంకెల కూడిక తొమ్మిది రావాలన్న పట్టుదల కార్యాలయాలకు ఆదాయ మార్గమైంది. నంబరు పలక రాజకీయ అస్తిత్వానికీ వేదికైంది. తెలంగాణ ఉద్యమ కాలంలో పలువురు తమ వాహనాలపై ‘ఏపీ’ని తీసివేసి ‘టీజీ’ అని రాసుకున్నారు. 2014 జూన్‌లో రాష్ట్రం ఏర్పడినప్పుడు అధికారికంగా ‘టీఎస్’ వచ్చింది. 2024 మార్చిలో అది ‘టీజీ’గా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లా సంఖ్యల బదులు ‘ఏపీ 39’ వచ్చింది. బండి నంబరు చూసి ‘ఇది పదహారు, బెజవాడ బండి’, ‘ఇది ముప్పై ఒకటి, వైజాగ్ బండి’ అని పోల్చుకునే అలవాటు కొత్త తరానికి అందకుండా పోతున్నది.

వినియోగించే ప్రాంతం నుంచి తయారుచేసే ప్రాంతంగా తెలుగునేల మారడం ఈ దశలోని మరో ఘట్టం. 2019లో అనంతపురం జిల్లా పెనుకొండ వద్ద కియా కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. ప్రారంభంలో దాని వార్షిక సామర్థ్యం 3 లక్షలు. 1565 తరువాత విజయనగర పాలకులకు రాజధానిగా నిలిచి, ఆధునిక కాలంలో కరవుకూ వలసకూ పేరుపడిన ఈ ప్రాంతంలోని ఒక్క కర్మాగారపు సామర్థ్యం, 1970లలో యావద్దేశంలో ఏటా తయారైన కార్ల సంఖ్యకు ఎన్నో రెట్లు.

10. చర్చ: కొరత సమానత్వమా?

పై చరిత్రను రెండు విధాలుగా చదువుతున్నారు. మొదటిది, నియంత్రణల కాలం వృథా అయిన కాలమనీ, మార్కెట్ తెరవగానే సమస్య తీరిందనీ. రెండవది, ఆ కాలంలో వనరుల పొదుపు, స్వదేశీ నైపుణ్యం, ప్రజా రవాణా విలసిల్లాయనీ, తరువాతిదంతా వినియోగ వ్యామోహమనీ. రెండింటిలోనూ కొంత సత్యం ఉన్నది, రెండూ అసంపూర్ణాలే.

మొదటి వాదం మరచేది సామాన్యుణ్ణి. 2011 జనగణన ప్రకారం దేశంలో కారు, జీపు లేదా వ్యాను ఉన్న కుటుంబాలు 4.7 శాతం మాత్రమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఈ నిష్పత్తి దాదాపు 8 శాతం. నూటికి తొంభై కుటుంబాలకు కారు నేటికీ సొంత వస్తువు కాదు. వారికి బస్సే ఆధారం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం అమలు కావడం, దానికి లభించిన ఆదరణ ఈ సత్యాన్ని మళ్ళీ ముందుకు తెచ్చాయి. కొరత కాలంలో బస్సుకు ఇచ్చిన ప్రాధాన్యం పొరపాటు కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వీరిలో పాదచారులూ ద్విచక్ర వాహనదారులూ అధికం. రోడ్డు మీద కారు పెరిగిన కొద్దీ దాని బయట ఉన్నవారికి చోటు తగ్గింది.

రెండవ వాదం మరచేది వరుసలో నిలబడ్డ మనిషిని. కారును పరిమితం చేయడం ఒక విషయం. పరిమితమైన కార్లను పలుకుబడి ప్రకారం పంచడం మరో విషయం. మొదటిదానికి సామాజిక న్యాయం సమర్థన అయితే, రెండవదానికి ఏ సమర్థనా లేదు. పోటీ లేని తయారీదారుకు నాణ్యత పెంచే అవసరం లేకపోయింది. ఆ లోపాల భారాన్ని యజమాని డబ్బుతో, డ్రైవరు చెమటతో, మెకానిక్ తెలివితో మోశారు. విధానం విఫలమైనది కారును విలాసమని అనడంలో కాదు, ఆ విలాసాన్ని అధికారానికి మాత్రం అవసరంగా మినహాయించడంలో.

11. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. నియంత్రణల కాలంలో కారు హోదాకు మూలం ధర మాత్రమే కాదు. దాన్ని పొందడానికి అవసరమైన పరిచయాలూ పలుకుబడీ కూడా.

2. తెలుగు సమాజంలో అత్యధికుల కారు అనుభవం సొంతదారు అనుభవం కాదు. అద్దె కారు, బస్సు, డ్రైవరు, మెకానిక్ చరిత్రలను కలుపుకొన్నప్పుడే మోటారు వాహన చరిత్ర సమగ్రమవుతుంది.

3. 1983 నాటి మలుపు ఉత్పత్తి పెరుగుదలలో కన్నా, సొంతదారే, ముఖ్యంగా స్త్రీ, స్టీరింగు పట్టడంలో ఎక్కువగా ఉన్నది.

4. కొరత సమానత్వానికి పర్యాయపదం కాదు. సమృద్ధి కూడా కాదు. రోడ్డు మీద ఎవరికి ఎంత చోటు అన్నదే రెండు కాలాల్లోనూ అసలు ప్రశ్న.

ఈ చరిత్రకు ఆధారాలు ప్రభుత్వ దస్త్రాల్లో కొంతే ఉన్నాయి. పాత సీ బుక్కులు, డీలర్ల రసీదులు, డ్రైవర్ల లాగ్ పుస్తకాలు, పెళ్ళి ఫోటోలు, ఆటోనగర్ పనివారి జ్ఞాపకాలు ఎక్కువ భాగం ఇళ్ళలోనూ షెడ్లలోనూ ఉన్నాయి. నియంత్రణల కాలాన్ని యౌవనంలో చూసిన మెకానిక్‌లూ డ్రైవర్లూ ఇప్పుడు డెబ్బై ఏళ్ళు దాటినవారు. విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖలు కలిసి వారి మౌఖిక కథనాలను సేకరించడం వెంటనే చేపట్టవలసిన పని. పెట్రోలు ఇంజను స్థానంలోకి విద్యుత్ మోటారు ప్రవేశిస్తున్న ఈ తరుణంలో రీబోరు, చోక్, రేడియేటరు మాటు వంటి మాటలు, వాటి వెనుక ఉన్న చేతిపని ఒకేసారి కనుమరుగయ్యే దశకు చేరాయి. ఆ పదజాలాన్ని నమోదు చేస్తే నిఘంటువుకూ చరిత్రకూ సమానంగా మేలు జరుగుతుంది.